ఒక్కరే ఉన్న వరస

సర్జరీ నేర్చుకునే డాక్టర్లు ఎలా ఉన్నారో తెలుసుకోవడానికి సర్వే మేడమ్ వచ్చిందనగానే డ్యూటీ గదిలో సీనియర్ పకపకా నవ్వాడు.

"మన సంతోషం కొలుస్తుందట. థర్మామీటర్ తెచ్చిందేమో అడగండి."

ప్రశ్నపత్రాలు అతనే పంచాడు. "అన్నిటికీ 'బాగుంది' అని టిక్కు కొట్టెయ్ చెల్లెమ్మా. తేడా వస్తే, ఈవిడ వెళ్లాక మన డిపార్ట్‌మెంట్ పెద్దసారు మత్తివ్వకుండా మనల్ని కోస్తాడు."

చెల్లెమ్మంటే రెండో ఏడాది అమ్మాయి. ఆ ఏడాదిలో ఆడపిల్ల ఆమె ఒక్కతే. పొద్దున్న నాలుగు గంటలపాటు, రోగి కడుపు తెరిచి ఉంచే కొక్కెం పట్టుకుని నిలబడి వచ్చింది. అంతసేపట్లో ఆమెతో ఎవరైనా అన్న మాట ఒక్కటే: "లాగి పట్టు."

కాగితం మీద పేరు రాయక్కర్లేదని ఉంది. కిందనే, ఎన్నో ఏడాది, ఆడా మగా అని రెండు గడులున్నాయి. అవి నింపితే ఇక పేరెందుకు? మొహానికి ముసుగేసి, మెళ్లో ఫొటో తగిలించుకున్నట్టే. పెద్దసారు కంటబడితే చదువు ఇక్కడితో సరి.

'గత నెలలో మీ మనసులో మాట ఎవరితోనైనా చెప్పుకున్నారా?' దగ్గర పెన్ను ఆగింది. అమ్మతో రోజూ మాట్లాడుతుంది. "తిన్నావా?" "తిన్నానమ్మా." సగం రోజులు అదీ అబద్ధమే. ఆపరేషన్‌కి ముందు చేతులు కడుక్కుంటూ దేవుడికి చెప్పుకుంటుంది. ఆయన వింటాడు, సందేహం లేదు. కానీ కాగితంలో ఆయనకు గడి లేదు. వినేది ఆయనే అయినా, ఊ కొట్టడానికి ఒక మనిషిని కూడా ఇవ్వచ్చు కదా అని ఆమెకు చాలాసార్లు అనిపించింది.

'లేదు' అని టిక్కు పెట్టింది. కింది ఖాళీలో, కొక్కెం పట్టుకుని ఉండగానే కునికిన సంగతి, మెట్ల కింద ఏడ్చిన సంగతి, చదువు మానేద్దామనుకున్న సంగతి రాసేసింది. సీనియర్ చాపిన చేయి దాటుకుని వెళ్లి, వరండాలో కూర్చున్న మేడమ్‌కే ఇచ్చింది.

పై గడులు చూసి ఆవిడ నొచ్చుకుంది. "రెండో ఏడాది ఆడపిల్లల వరసలో నువ్వొక్కదానివేనా అమ్మా? ఐదుగురికి తక్కువుంటే ఆ వరస లెక్కలోంచి తీసేస్తాం. ఎవరు రాశారో బయటపడకూడదని."

"అంటే రిపోర్టులో నేనుండను."

"ఉండవమ్మా. నీ మంచికే."

భయం తీరింది. గుండె మాత్రం తేలికపడలేదు. ఒంటరితనం గురించి అడిగే లెక్కలో ఒంటరివాళ్లకే చోటు లేదన్నమాట.

"మరైతే ఇది ఎవరూ చదవరా?"

"ఇంటికెళ్లాక నేను చదువుతాను."

"ఇప్పుడే చదవండి మేడమ్. నేనిక్కడే కూర్చుంటాను."

ఆవిడ బెంచీ మీది ఫైళ్లు పక్కకు జరిపింది. ఇంతలో తలుపు దగ్గర నర్సు కేకేసింది. "డాక్టరమ్మా, థియేటర్‌లో పిలుస్తున్నారు!"

"పేషెంటు వచ్చారా సిస్టర్?"

"ఇంకా రాలేదు. తీసుకురావడానికి ట్రాలీ ఇప్పుడే పంపారు."

"అయితే కాసేపట్లో వస్తానని చెప్పండి."

ఇక్కడ చేరినప్పటినుంచి ఆమె ఆ మాట అనడం అదే మొదలు. మేడమ్ కళ్లజోడు సర్దుకుని చదవడం మొదలుపెట్టింది. ఆవిడ కళ్లు ఏ పంక్తి మీదికి వచ్చాయో చూస్తూ ఆమె పక్కనే కూర్చుంది.