సమాధానం చెప్పినవారు

“కుదరదండి. ఆవిడకే ఇష్టం లేదండి,” అని కేశవరావు హాల్లో ఎవరితోనో అంటున్నప్పుడు వాణి వంటింట్లో పెసరట్టు తిరగేస్తోంది. అట్టూ అల్లం పచ్చడీ పట్టుకెళ్ళి టేబుల్ మీద పెట్టేసరికి, అతను ఆమె ఫోనునే మళ్ళీ చార్జింగుకి పెడుతున్నాడు.

“ఎవరండీ?”

“అనితగారు. రేపు వస్తుందంట. ఏదో రెండో విడత అంటోంది. నీకు వీలు పడదని చెప్పేసేను. ఆ రేవు ఊళ్ళన్నీ తిరిగి మోకాళ్ళు పట్టేసేయన్నావు కదా.”

మోకాళ్ళ మాట నిజమే. ఇష్టం లేదని ఎప్పుడందో మాత్రం గుర్తు రాలేదు. “పచ్చడి ఇంకాస్త వెయ్యి,” అన్నాడతను. వేసింది.

అనిత విశాఖలో పరిశోధన చేస్తున్న అమ్మాయి. వేసవిలో నెలన్నర పాటు రాజోలులో వీళ్ళ మేడ మీద గదిలో అద్దెకుంది. వేటకెళ్ళిన పడవ ఇంజను చెడి, గాలికి కొట్టుకుపోయి ఇంకో దేశపు నీళ్ళలోకి వెళితే, అక్కడివాళ్ళు పట్టుకుని జైల్లో పెడతారు. రెండు దేశాలకీ మాటలు కలిసిన ఏడాది ఆ మనుషులు ఎన్నాళ్ళకి ఇల్లు చేరుతున్నారు, కలవని ఏడాది ఎన్నాళ్ళకి, ఈలోగా ఇంటి దగ్గర ఆడవాళ్ళు ఎవరి కాళ్ళావేళ్ళా పడ్డారు, ఎలా నెట్టుకొచ్చారు, ఇదీ ఆ అమ్మాయి పని. తోడు రావడానికీ, చెప్పింది రాయడానికీ ఊళ్ళు తెలిసిన మనిషి కావాలంటే, “మా ఆవిడ దస్తూరి ముత్యాల్లా ఉంటుందండి” అని కేశవరావే వాణిని ఒప్పజెప్పాడు.

ఇంటరుతో చదువాపేసిన వాణికి, దేశాల తగువుని కూడా కాగితం మీద గళ్ళు గీసి తెలుసుకోవచ్చని అప్పుడే తెలిసింది. పడవ పట్టుబడని ఇళ్ళకి కూడా వెళుతుంటే ఉండబట్టలేక అడిగింది. “వీళ్ళకేం జరగలేదు కదండీ. వీళ్ళనెందుకు అడగడం?”

“పోల్చుకోవడానికండి. లేకపోతే ఈ భయం జైలు వల్ల వచ్చిందో సముద్రం వల్ల వచ్చిందో మనకెలా తెలుస్తుంది?”

ఆ మాట వాణిని వదల్లేదు. అంట్లు తోముతున్నా అదే, బట్టలు ఆరేస్తున్నా అదే. శుక్రవారం దీపం వల్లే ఈ ఇల్లు చల్లగా ఉందని అత్తగారు అన్నప్పుడు, అయితే దీపం పెట్టని ఇల్లు కూడా ఒకటి చూడాలి కాబోలు అనుకుని, వెంటనే లెంపలేసుకుంది. లెంపలేసుకున్నాక కూడా, చూస్తే తప్పేమిటి, స్వామికి తెలియని ఇల్లా అది అనిపించింది.

నిన్న పార్సెల్లో ఫారాలు తిరిగొచ్చాయి. నలభైలో పదకొండు. అన్నీ భార్యలని అడగవలసినవి, వాణి ఒక్కతే వెళ్ళి రాసుకొచ్చినవి. ప్రతి ఫారం పైనా ‘సమాధానం చెప్పినవారు’ అని ఒక గడి ఉంటుంది. ఆ గడిలో వాణి ఆడవాళ్ళ పేర్లే రాసింది. చిట్టెమ్మ ఫారం మీద అనిత ఎర్ర సిరాతో ఒక్కటే వాక్యం రాసి పంపింది. ‘అప్పుడు అప్పలరాజుగారు ఇంట్లో లేరు కదండీ?’

వాళ్ళింటికెళ్ళిన మధ్యాహ్నం వాణి కళ్ళకు కట్టింది. చిట్టెమ్మ భర్త అప్పలరాజు పద్నాలుగు నెలలు అవతలి దేశం జైల్లో ఉండి వచ్చినవాడు. మంచం వాల్చి కూర్చోబెట్టి, బొండాం కొట్టి ఇచ్చాడు. “ఆయన లేని పద్నాలుగు నెలలూ ఇల్లెలా గడిచిందమ్మా?” అని ఆమె అడిగింది చిట్టెమ్మనే. చిట్టెమ్మ గుమ్మం పట్టుకుని నోరు తెరిచేలోగా అప్పలరాజు అందుకున్నాడు.

“ఏవుందండి అమ్మగారూ, అలా గడిచిపోయిందండి. దానికేం ఇబ్బంది లేదండి. ఆయ్.”

చిట్టెమ్మ నోరు మూసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ‘దానికేం ఇబ్బంది లేదు’ అని, అతనన్న మాట అన్నట్టే, వాణి ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది.

ఇలాంటప్పుడు అనమని అనిత ముందే ఒక వాక్యం నేర్పింది. ‘మీ మాట తరవాత రాసుకుంటామండి. ఇప్పుడు ఆమెను అడుగుతున్నాం.’ మేడ మెట్ల మీద కూర్చుని వాణి దాన్ని పాఠంలా వల్లె వేసింది కూడా. కానీ ఇంటి యజమాని బొండాం ఇచ్చి, అంత మర్యాదగా చెబుతుంటే మధ్యలో ఎలా ఆపడం? పదకొండు ఇళ్ళలోనూ ఆ వాక్యం నోటిదాకా వచ్చి వెనక్కి పోయింది.

ఎర్ర సిరా చూసి ముందు నవ్వొచ్చింది. ఇంట్లో లేని మనిషి ఇల్లెలా గడిచిందో చెప్పడమేమిటి, దాన్ని తను బుద్ధిగా రాసుకోవడమేమిటి. తరవాత నవ్వు ఆగిపోయింది. రాస్తున్నప్పుడు అది వింతగా ఎందుకనిపించలేదు?

అమలాపురంలో డాక్టరుగారు “నిద్ర పడుతోందా అమ్మా?” అని ఆమెను అడిగితే, “శుభ్రంగా పడుతుందండి” అన్నాడు కేశవరావు. తలగడ తగలగానే గుర్రుపెట్టే మనిషికి ఆ సంగతి ఎలా తెలిసిందని డాక్టరుగారు అడగలేదు. వాణీ అడగలేదు. పెళ్ళైన కొత్తలో ప్రైవేటుగా బీఏ కట్టడానికి కాగితాలు తెప్పించుకుంటే, మావగారు ఇంటికొచ్చిన మేష్టారితో “మా కోడలికి చదువు మీద ధ్యాస లేదండి, ఇల్లే లోకం” అన్నారు. కాఫీ గ్లాసులు పట్టుకుని తలుపు వెనక నిలబడి విని, ధ్యాస లేదు కాబోలని ఇరవై రెండేళ్ళు నమ్మింది. అప్పనపల్లిలో అర్చకులు “మొక్కేమైనా ఉందా అమ్మా?” అంటే, “ఆవిడకేం లేదండి” అన్నది కూడా కేశవరావే. మొక్కు ఉంది. స్వామి విన్నాడనే ఆమె నమ్మకం. ఆయన పక్కవాళ్ళనడిగి తెలుసుకునేవాడు కాదు.

వీళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. అప్పలరాజు అబద్ధమాడాడని కూడా ఆమె అనుకోలేదు. ఇంటి దగ్గర బాగానే గడుస్తోందని నమ్మకపోతే ఆ జైల్లో అతను ఎలా బతికేవాడు? కానీ నిజంగా ఎలా గడిచిందో చిట్టెమ్మకి తెలుసు. గుమ్మంలో తెరుచుకున్న ఆ నోటి నుంచి ఏ మాట రాబోయిందో వాణికి ఇప్పుడు తెలుసుకోవాలనుంది. అన్నం ముందు కూర్చున్నా అదే తొలుస్తోంది. ఇష్టం లేకపోవడం అంటే ఇలా ఉంటుందా?

“ఇంకో అట్టెయ్యి,” అన్నాడు కేశవరావు.

వాణి వంటింట్లోకి వెళ్ళి స్టవ్ కట్టేసింది. చెయ్యి తుడుచుకుని వచ్చి, ఫోను తీసి, అతని ఎదురుగా కుర్చీలో కూర్చుంది. అనితకి కలిపి స్పీకరు నొక్కింది.

“అనితగారూ, ఫారాలు చూశానండి. తప్పు నాదే. ఆ పదకొండుకీ ఇంకోటి కలుపుకోండి. ఇందాక నా ఫోనులో మావారు చెప్పింది. అది కొట్టేసి, మళ్ళీ నన్ను అడగండి.”

అవతల అనిత, కాగితం చూసి చదువుతున్నట్టే, నెమ్మదిగా అడిగింది. “వాణిగారూ, రెండో విడతకి మీరు వస్తారా?”

“అదేవిటండీ, ఇందాకే చెప్పేను కదా,” అని కేశవరావు ఫోను వైపు వంగాడు. “ఆవిడకి...”

వాణి ఎడమచెయ్యి కొంచెం ఎత్తింది. గొంతు పెంచలేదు.

“మీ మాట తరవాత రాసుకుంటానండి. ఇప్పుడు నన్ను అడుగుతున్నారు.”

చెయ్యి దించకుండానే ఫోనుతో అంది. “వస్తానండి. ముందు చిట్టెమ్మగారింటికే వెళదాం.”