మా బర్ల పేర్లు చెప్పిన కంప్యూటర్

మా మరిది కృపాకర్ మొయినాబాద్ దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో ఆఖరి సంవత్సరం చదువుతున్న రోజులవి. అప్పట్ల సాఫ్ట్‌వేర్ గాలి ఎంత గట్టిగ వీచిందంటే, మా ఊరు ఆలూరుల కోళ్ల ఫారం నడిపే ఆయన సుత జావా ఎన్ని నెలల్ల వస్తదని అడిగిండు. మా మరిదికైతే ఒక కంపెనీ వాళ్లు పిలిచి మరీ ఉద్యోగం ఇస్తమన్నరు. ఈయనేమో పరిశోధన చేస్తనని మొండికేసి కూచున్నడు.

"పరిశోధనంటే ఏందిరా?" అని మా ఆయన ప్రేమదాసు అడిగిండు.

"ఇంతవరకు ఎవ్వరికీ తెల్వనిది కనుక్కునుడు అన్నా."

"ఎవ్వరికీ తెల్వదంటే, దాంతోని ఎవ్వరికీ పని పడలేదన్నట్టేగా?"

అన్నదమ్ములిద్దరు వారం రోజులు మాట్లాడుకోలేదు. ఇల్లు ప్రశాంతంగ ఉన్నది. చివరికి మా ఆయనే ఒక తీర్పు చెప్పిండు. పట్నంల నాగేందర్ సార్ అని పెద్ద ప్రొఫెసర్ ఉన్నడు. ఆయన తన దగ్గర సీటు ఇస్తే కృపాకర్ చదువుకోవచ్చు. ఇయ్యకుంటే మాట్లాడకుండ కంపెనీల చేరాలె.

ఇగ సార్‌కు పంపే కాయితం తయారైంది. దాంట్ల తన పరిశోధనాసక్తులు, ఇదివరకు చేసిన ప్రాజెక్టులు రాయాలె. నేను బీయే చదివినదాన్ని కాబట్టి తప్పులు చూడమని నాకు తెచ్చిచ్చిండు.

మొదటి ప్రాజెక్టు, చేవెళ్ల బస్సు ఎప్పుడొస్తదో చెప్పే ప్రోగ్రాం. చెప్పుడైతే చెప్పేది. ఆ సంగతి బస్సుకే తెల్వదు. రెండోది, కాలేజీ లైబ్రరీల పుస్తకాలు తిరిగియ్యనోళ్లను పట్టే ప్రోగ్రాం. అందరికంటె ముందు లైబ్రేరియన్ సార్‌నే పట్టింది. అది అక్కడ్నే ఆగింది.

మూడోదే అసలుది. ఫోటో చూసి అది ఏ బర్రెనో కంప్యూటర్ చెప్తది. ఇన్సూరెన్స్ కోసమని బర్రె చెవికి బిళ్ల గుచ్చే పనుండదు. మా మూడు బర్లు రాణి, పూస, సుందరి. మూడూ నలుపే. కొత్తోళ్లకు ఒక్కతీర్గనే కనబడ్తయి.

చిక్కేందంటే, మా అత్తమ్మ విమలమ్మ పక్కన నిలబడకుంటే మా బర్లు ఒక్క నిమిషం నిలవవు. అందుకని ఫోటోలు తీసేటప్పుడు ఆమె కూడ నిలబడాల్సొచ్చింది.

"అన్ని ఫోటోలల్ల ఒక్కటే చీరనా?" అన్నది అత్తమ్మ. "పట్నమోళ్లు చూస్తే ఈమెకు ఇంకో చీర లేదనుకోరా?"

"అమ్మా, వాళ్లు చూసేది బర్రెను."

"నువ్వు తియ్యరా. ఎవరు ఏం చూస్తరో నాకు తెలుసు."

రాణి పక్కన చిలకపచ్చ చీర కట్టింది. పూస పక్కన గులాబీ రంగుది. సుందరి పక్కన నీలంది. ఒక్కొక్క బర్రెకు సంచెడు ఫోటోలు తీసిండు మా మరిది. కొన్నిట్ని కంప్యూటర్‌కు నేర్పిండు, కొన్నిట్ని దాచిపెట్టి వాటితోని పరీక్ష పెట్టిండు. ఒక్కటంటే ఒక్కటి తప్పలే. కృపాకర్ రెండు చేతులతోని తల పట్టుకొని, "వదినా, ఇంత మంచిగ ఎట్ల వచ్చిందో నాకే అర్థమైతలేదు," అన్నడు. ఆ మాట మీద జర ఆగి ఆలోచిస్తే బాగుండేది. ఇద్దరం చాయ్ తాగినం.

నాగేందర్ సార్‌కు కాయితం నచ్చింది. ఆదివారం అజీజ్‌నగర్‌ల ఎవరిదో ఫామ్‌హౌస్‌ల విందు ఉన్నదంట. దానికి పోయే ముందు మా ఇంటికొచ్చి, మెషీన్ పనితనం కళ్లారా చూసి సీటు సంగతి చెప్తనన్నడు.

ఆదివారం రానే వచ్చిండు. తెల్ల ప్యాంటు, మెరిసే బూట్లు. కంప్యూటర్ వరండాల బల్ల మీద పెట్టినం. ఆ రోజు చర్చిల బల్లారాధన, దానికి తెల్లచీరనే కట్టాలె. అత్తమ్మ ఆ చీరలనే సీదా బర్ల కాడికి వచ్చింది. కృపాకర్ రాణిని ఫోటో తీసి కంప్యూటర్‌కు ఎక్కించిండు.

"తెలియదు," అన్నది కంప్యూటర్.

పూసను తీసిండు. తెలియదు. సుందరిని తీసిండు. తెలియదు.

"మీ ఇంటి బర్రెలేనా?" అని అడిగిండు సార్.

కృపాకర్ మొఖం పాలిపోయింది. మా ఆయన మొఖం వెలిగింది. నేను మాత్రం అత్తమ్మ తెల్లచీర దిక్కే చూస్తున్న. ఆ మూడు చీరలు ఉతికి, ఆరేసి, మడతపెట్టినదాన్ని నేను. నాకు తెలిసిపోయింది.

"అత్తమ్మా, జర లోపటికి రా," అని పిలిచి చిలకపచ్చది కట్టించిన. రాణి పక్కకు పోయి నిలబడ్డది. కంప్యూటర్ వెంటనే "రాణి" అన్నది. సార్ తల ఊపిండు. మళ్ల లోపటికి తీసుకపోయి గులాబీది కట్టించిన. "పూస" అన్నది. నీలంది కట్టించిన. "సుందరి" అన్నది.

"చాలా బాగుంది," అన్నడు సార్. "కానీ అమ్మగారు ప్రతిసారీ చీర ఎందుకు మారుస్తున్నారు?"

"పెద్దోళ్లు వచ్చిన్రు కద సార్," అన్న నేను.

అంతల పక్కింటి అంతమ్మ బర్రె మా కల్లం దిక్కు వచ్చింది. "దీన్ని కూడా తీయండి. తెలియదనాలి కదా," అన్నడు సార్. అత్తమ్మ నీలం చీరలనే పోయి దాని పక్కన నిలబడ్డది. నేను దగ్గిన. కన్ను గీటిన. ఆమెకు ఫోటో దిగే కాడ లోకం కనబడదు.

"సుందరి," అన్నది కంప్యూటర్.

అసలు సుందరి అవతల గడ్డి మేస్తున్నది. కృపాకర్ తెరను చూసిండు, తల్లిని చూసిండు, చివరికి నన్ను చూసిండు. నేను ఆకాశాన్ని చూసిన. ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటే సీటు వస్తదేమో. ఆ పిచ్చోడు తప్పించుకోలే.

"సార్, ఇది బర్లను గుర్తుపడ్తలేదు. మా అమ్మ చీరలను గుర్తుపడుతున్నది."

"ఇగ కంపెనీకి ఫోన్ చెయ్యి," అన్నడు మా ఆయన.

"ఆగండి," అన్నడు సార్. "అమ్మగారు లేకుండా ఒక్క ఫోటో తీస్తే అయిపోతుంది కదా? తాడు నేను పట్టుకుంటాను."

"వద్దు సార్," అన్నం అందరం.

"నేనూ పల్లెటూరి వాణ్ణేనమ్మా."

రాణి ఆయనను కింది నుంచి మీద దాక ఒకసారి చూసింది. ఆ తర్వాత పాలకూర మడి మీదుగ తీసుకపోయింది. తాడు వదిలెయ్యమని అందరం ఒర్రుతున్నం. పరిశోధన చేసిన మనిషి కద, వదల్లే. పెంటకుప్ప కాడ రాణికే జాలి కలిగి ఆగింది.

సార్ లేచిండు. అద్దాలు వెతుక్కొని పెట్టుకున్నడు. చాలాసేపు రాణిని చూసిండు.

"కృపాకర్, నీ సమస్య నేననుకున్నంత చిన్నది కాదు. మూడేళ్లకు తక్కువ పట్టదు. జూన్‌లో వచ్చి చేరు."

మా ఆయన ఏదో అనబోయి, సార్ ప్యాంటు చూసి, లోపటికి పోయి తన గళ్ల లుంగీ తెచ్చిచ్చిండు. నేను నీళ్లు తోడిచ్చిన. సార్ ఆ లుంగీ కట్టుకొని, వరండాల కూసొని, పరిశోధనాసక్తులల్ల పాత ముక్క కొట్టేయించి కొత్తది రాయించిండు: కంప్యూటర్ జవాబు సరిగ్గ చెప్పి, కారణం తప్పుగ ఎంచుకుంటే పట్టుకునుడెట్ల.

ఆ తర్వాత ఆ లుంగీతోనే కారెక్కి, మెరిసే బూట్లేసుకొని, అజీజ్‌నగర్ విందుకు పోయిండు.