పాలకాయతిప్పకు బయలుదేరని కారు

మా నాన్న జకరయ్య బందరులో బతుకంతా టాక్సీ నడిపాడు. వీధి మలుపులో ఏ కారైనా కాస్త దగ్గితే చాలు, ఇంట్లో అన్నం తింటూనే దాని జబ్బేమిటో చెప్పేవాడు. అలాంటి మనిషికి సొంత అంబాసిడర్ ఎందుకు స్టార్ట్ కావడం లేదో నెల రోజులుగా అంతుపట్టడం లేదట! ఆర్టీసీ కండక్టర్ని నేను. చిల్లర లేదనే వాళ్లనే నమ్మను, ఇదెలా నమ్ముతాను?

అమ్మ మాత్రం నమ్మినట్టే ఉంది. ఆమెకు కడుపులో కాన్సర్. ఇక ఇంట్లోనే ఉంచుకోండని విజయవాడ డాక్టర్లు పంపేశారు. ఆమె అడిగింది ఒక్కటే. కొత్తగా పెళ్లయినప్పుడు నాన్న ఈ కారులోనే పాలకాయతిప్ప తీసుకెళ్లి, కృష్ణ సముద్రంలో కలిసే చోటు చూపించాడు. మళ్లీ ఒక్కసారి అదే కారులో, ఆయన నడుపుతుంటే వెళ్లాలి.

"ఆ నీళ్లు చూశానంటే చాలండీ. ఇక ప్రభువు ఎప్పుడు పిలిచినా వెళ్లిపోతాను" అంది.

ఆ మర్నాటి నుంచే కారు మొరాయించింది. వేరే కారు మాట్లాడతానంటే అమ్మ ఒప్పుకోదు. మెకానిక్‌ను పిలుస్తానంటే నాన్న ఒప్పుకోడు. ఈలోగా అమ్మకు గంజి కూడా దిగడం మానేసింది. నాకు ఒళ్లు మండింది. ఆదివారం ఆరాధన అయి ఇంటికి రాగానే కొంగు నడుముకు దోపి బానెట్ ఎత్తాను.

"నీకెందుకే షీబా? ఉప్పుగాలికి కాయిల్ పోయుంటుంది. చూద్దాంలే" అన్నాడు నాన్న.

"చూద్దాం చూద్దాం అంటూనే నెలైంది. నువ్వు కూర్చుని తాళం తిప్పు నాన్నా."

తిప్పాడు. ఇంజన్ తిరిగింది గానీ అందుకోలేదు. పెట్రోలు ఉంది. చిన్నప్పుడు ఆయన నేర్పినట్టే, మెరుపుకు కరెంటిచ్చే కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే వైరు ఊడదీసి, గుడ్డతో పట్టుకుని ఇనుము దగ్గర పెట్టి మళ్లీ తిప్పమన్నాను. నీలంగా మెరుపు దూకింది. కాయిల్‌కు ఏ రోగమూ లేదు. ఆ వైరు పెట్టేసి ప్లగ్గు వైరు ఊడదీసి చూస్తే మెరుపు లేదు. అంటే తేడా ఈ రెంటికీ మధ్యన, డిస్ట్రిబ్యూటర్‌లోనే ఉంది.

దాని మూత తీశాను. లోపల రోటర్ లేదు. బొటనవేలంత ముక్క అది, కరెంటును నాలుగు ప్లగ్గులకూ పంచేది. మూత బిగించి ఉండగా దానంతటది ఎక్కడికీ పోదు. ఎవరో చేత్తో తీయాలి.

కేకలేద్దామని డ్రైవరు కిటికీ దగ్గరకు వచ్చాను. నాన్న స్టీరింగ్ వదిలేసి చొక్కా జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఎందుకు నాన్నా?"

"ఆ నీళ్లు చూస్తే చాలు, వెళ్లిపోతానంది గదమ్మా. చూడకపోతే ఉంటుందేమోనని... పిచ్చితనమే. నాకూ తెలుసు."

నా కోపమంతా ఎటు పోయిందో. అక్కడే నిలబడి ఏడ్చాను. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని చెయ్యి చాపాను.

"ఇవ్వకపోయినా అమ్మ వెళ్లిపోతుంది నాన్నా. ఆ నీళ్లు చూడకుండా వెళ్లిపోతుంది."

నా చేతికివ్వలేదు. తనే దిగి వచ్చి, తనే రోటర్ పెట్టి, మూత బిగించాడు. మళ్లీ ఎక్కి తాళం తిప్పగానే కారు అందుకుంది. ఆ చప్పుడు వింటూ స్టీరింగ్ మీద తల వాల్చేశాడు.

నేను లోపలికి వెళ్లేసరికి అమ్మ మంచం మీద లేచి కూర్చోవాలని చూస్తోంది.

"తీసిచ్చాడా?" అంది.

"ఏంటమ్మా?"

"జేబులో పెట్టుకున్నది. ప్రార్థన చేసేటప్పుడు కూడా చెయ్యి దాని మీదే ఉంటుంది. నాకు కనపడదా?"

"తెలిసీ ఎందుకు ఊరుకున్నావమ్మా?"

"బలవంతాన తీయిస్తే ఆయన తట్టుకోలేడే. తనంతట తను తియ్యాలని చూశా." కాస్త ఆగి ఊపిరి తీసుకుంది. "ఆ నీలం చీర తియ్యి. కోడూరు దాటాక రోడ్డు బాగోదు, నిదానంగా పోనిమ్మను."

నిదానంగానే పోనిచ్చాడు. రోడ్డు బాగున్న చోట కూడా. సైకిళ్లు మమ్మల్ని దాటిపోయాయి, గడ్డి మోపులతో నడిచేవాళ్లు ఆగి మమ్మల్ని చూశారు. ముందు సీట్లో ఆయన పక్కనే కూర్చున్న అమ్మ, ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు.