కాళి విన్న మాట

బీక్యా కాళి వీపు రుద్దుతున్నాడు. అది నల్లగుర్రం. పెళ్లి ఊరేగింపులకు అందరూ తెల్లదాన్నే అడుగుతారు గనుక దానికి పిలుపులు తక్కువ. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు, నల్లదైనా అంతే. తండా వదిలి జనగామ వచ్చాక బీక్యా తాను పస్తున్నాడేమో గానీ, దాన్ని ఏనాడూ పస్తు పెట్టలేదు.

సకల జనుల సమ్మె మొదలయ్యాక మాత్రం కాళికి గిరాకీ పెరిగింది. రోజూ పొద్దున ఊరేగింపు ముందు నడవాలి. జనం "జై తెలంగాణ" అని అందుకోగానే బీక్యా నాలుక చప్పరిస్తాడు, అది అడుగు వేస్తుంది. ఆ దారిలోనే ఉన్న కిరాణా దుకాణం మెట్ల మీద కూర్చుని, షావుకారు కూతురు దీప కళ్లార్పకుండా చూస్తుంది. ఏడేళ్లు నిండినా ఆ పిల్లకు మాట రాలేదు.

ఊరేగింపు అయ్యాక బీక్యా కాళిని బడి వెనక మైదానానికి తోలుకొచ్చాడు. మాటా నడకా ఆలస్యమైన పిల్లల బడి అది, దీపా అక్కడికే వస్తుంది. సమ్మెకు తాళం పడ్డా, గురువారం గుర్రం పాఠం మాత్రం శిల్ప టీచర్ మానలేదు. ఒక పిల్లవాడు కాళి మెడ దువ్వుతూ అంకెలు లెక్కపెట్టాడు. ఒక పిల్ల భయపడుతూనే గడ్డి తినిపించింది. బీక్యాకు వారమంతటిలో ఈ పూటంటేనే ప్రాణం.

దిగులల్లా ఒక్కటే. కాళి అతని నాలుక చప్పుడు తప్ప ఎవరి మాటా వినదు. అతని గుండె చూస్తే బలహీనమని దవాఖానలో చెప్పేశారు.

"రేపు నేను పోతె గీ పోరగాండ్లను ఎవరు తిప్పుతరు టీచరమ్మా? ఇది మొండిది."

"గట్లనకు బీక్యన్నా. నీకేం గాదు."

తన గొంగడిని నాలుగు మడతలు వేసి కాళి వీపున పరిచి, దీపను ఎక్కించాడు. శిల్ప పక్కన పట్టుకుంది. బీక్యా ఎప్పట్లా నాలుక చప్పరించలేదు.

"నువ్వే చెప్పు బిడ్డా. జర చెప్పు."

కాళి తోక ఆడించింది గానీ కదల్లేదు. దీప జూలు గుప్పిట పట్టుకుంది. చాలాసేపు దాని చెవుల వైపే చూసింది.

"జై."

కాళి అడుగు వేసింది.

బీక్యాకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. "ఊరేగింపుల నేర్సుకున్నరా ఇద్దరు!" అంటూ పగ్గం శిల్ప చేతికిచ్చాడు. "మీరు పొండి. నేను జర కూసుంట."

వేపచెట్టుకు వీపు ఆన్చాడు. మలుపు మలుపుకూ "జై" వినిపిస్తోంది. ఇక నాతో పని లేదు దీనికి, అనుకున్నాడు. ఆ సంతోషంతోనే కళ్లు మూసుకున్నాడు.

నాలుగో చుట్టు అయ్యాక శిల్ప పిలిచింది. బీక్యా పలకలేదు. చెయ్యి పట్టి చూస్తే నాడి లేదు.

తండావాళ్లు వచ్చి అతణ్ణి తీసుకుపోయారు. కాళిని బడివాళ్లే ఉంచుకున్నారు. మరుసటి గురువారం దీప "జై" అంటే అది నడిచింది. దాని వీపు మీది గొంగడి, బీక్యా వేసిన మడతల్లోనే ఉంది.