ఎవరి పనీ కాని గోడ

ఆ రోజు పొద్దున్న ఆకాశం చాలా ఎత్తుగా ఉంది. తూర్పు కొండల మీద సన్నటి మబ్బు గీత ఒక్కటే, పిండి చల్లిన బల్ల మీద ఎవరో వేలు పెట్టి లాగినట్టు. గాలి లేదు. యూమా ఎడారిలో జనవరి నెలలో గాలి లేని పొద్దు దొరికితే ఆడవాళ్లు బట్టలు ఆరేస్తారు, మగవాళ్లు బండ్ల చుట్టూ తిరిగి టైర్లు తడుముతారు. నేను పిండి పిసుకుతున్నాను.

పిసుకుతూ పేర్లు చెప్పుకుంటాను, మనసులోనే. నెబ్రాస్కాలో మా ఇంటి నుంచి బడికి పోయే మట్టిదారిలో వరసగా ఏ పొలం ఎవరిదో. కుడిపక్క సోరెన్సెన్ వాళ్లది, తర్వాత హ్రుబీ వాళ్లది, వంతెన దాటాక ఒకరితో ఒకరికి మాటల్లేని ఇద్దరు క్లాసెన్ అన్నదమ్ములది, మలుపులో వికర్ట్ ముసలాయనది. నాలుగు నెలలుగా రోజూ ఇదే పరీక్ష. ఒక్క పేరు ఆలస్యంగా తట్టినా ఆ పూట నాకు ముద్ద దిగదు. ఎందుకంటే నాలుగు నెలలుగా నాకు ఏదో కాలుతున్న వాసన వస్తోంది. మా ఆయన డ్వేన్‌కి రావడం లేదు.

మొదట్లో "ఏమీ కాలడం లేదు బంగారం" అన్నాడు. తర్వాత "రొట్టె మాడ్చుంటావు" అన్నాడు. నవంబరులో ఒకరోజు దారి పటం మడతపెడుతూ, చాలా మెల్లగా, "మీ అమ్మకీ ఇలాగే మొదలైంది కదా ఆర్లిస్" అన్నాడు. తిట్టినా బాగుండేది. అంత మెత్తగా అన్నాక ఏం మాట్లాడతాం. అమ్మ చివరి రెండేళ్లూ పశువుల కొట్టం తగలబడుతోందని పక్క మీంచి లేచిపోయేది. ఆ కొట్టం కూల్చేసి అప్పటికి పదేళ్లయింది. ఆ మాట అన్నప్పటి నుంచి డ్వేన్ నేను గ్లాసు ఎక్కడ పెడుతున్నానో చూస్తున్నాడు. కళ్లజోడు వెతుక్కుంటే నిట్టూరుస్తున్నాడు. తనూ రోజుకి రెండుసార్లు కళ్లజోడు వెతుక్కుంటాడు, అది లెక్కలోకి రాదు.

పొలం అమ్మి, బస్సంత ఈ బండిని కొని, అందులోనే కాపురం పెట్టి ఇది ఆరో చలికాలం. మాలాంటి వాళ్లవి ఈ మైదానంలో నలభై బండ్లుంటాయి. వీటిలో బతికేవాళ్లు పనులకి రంగులు పెట్టుకున్నారు. నవ్వుతూనే చెప్తారు కానీ ఎవరూ దాటరు. నీలం పనులు మగవాళ్లవి: మురుగు గొట్టం, కరెంటు తీగ, టైర్లు, బండికి బయట ఉన్నదంతా. గులాబి పనులు మావి: బండికి లోపల ఉన్నదంతా. బయల్దేరే రోజు డ్వేన్ పనుల జాబితా కాగితం పట్టుకుని బయట ఒక్క చుట్టు తిరుగుతాడు, చేతులు దులుపుకుని స్టీరింగు ముందు కూర్చుంటాడు. దాంతో నీలం అయిపోయింది. గులాబి మాత్రం బండి కదిలినా ఉంటుంది, ఆగినా ఉంటుంది. బండి కొన్నప్పుడు మా అత్తగారు "ఇల్లు చిన్నదైతే పనీ చిన్నదవుతుంది, అదృష్టవంతురాలివి" అంది. ఆవిడ ఇందులో ఒక్క రాత్రి పడుకోలేదు. ఇక్కడ కూర్చోవాలంటే మంచం మడవాలి, మంచం వెయ్యాలంటే బల్ల మడవాలి, బల్ల మడవాలంటే దాని మీదున్నవన్నీ కడిగి సర్దెయ్యాలి. చోటు ఒక్కటే, పని నాలుగింతలు.

అయినా ఆ బండిలో నా సంతోషం ఒకటుంది. పొయ్యి పైన గోడకి బిగించిన మైక్రోవేవ్ ఓవెన్. ఉత్తినే వేడిచేసేది కాదు, లోపల వేడిగాలి తిప్పి రొట్టె కూడా కాలుస్తుంది. బుధవారం సాయంత్రం అందరూ తలా ఒక వంటకం తెచ్చి కలిసి తింటాం. నేను దాల్చినచెక్క పొడి చల్లిన రొట్టెచుట్టలు తెస్తాను. నలభై బండ్ల వాళ్లూ నన్ను గుర్తుపట్టేది వాటితోనే.

కిందటి ఆదివారం డ్వేన్ ఫ్రిజ్ తలుపు మీద ఒక చీటీ అంటించాడు. పైవారం సోమవారం పదింటికి, మతిమరుపు చూసే డాక్టరు. నాకు చెప్పకుండానే ఫోన్ చేసి నా పేరు రాయించాడు. "ఆయన చూసిందాకా ఓవెన్ జోలికి పోకు. నీ మంచికే" అన్నాడు.

గాలి లేని ఆ బుధవారం పొద్దున్న తను మగవాళ్లతో కలిసి టిఫినుకి ఊళ్లోకి వెళ్లాడు. నేను ఓవెన్ వెలిగించాను, రొట్టెలు పెట్టకుండా, ఉత్తిదే. పావుగంటకి వాసన వచ్చింది. రొట్టె వాసన కాదు, మాడిన పంచదార వాసనా కాదు. ఇస్త్రీపెట్టె మరిచిపోతే బల్ల నుంచి వచ్చే వాసన. కళ్లు మూసుకుని సోరెన్సెన్, హ్రుబీ అనుకున్నాను. పేర్లన్నీ సక్రమంగానే వచ్చాయి. చేతికి ఏదో పని ఉండాలని ఓవెన్ పైనున్న అలమర తెరిచి పళ్లేలు దించాను. ముందు వరస పళ్లేలు చల్లగా ఉన్నాయి. గోడకి ఆనుకున్న వెనక వరస వెచ్చగా ఉంది. చెంపకి ఆనించి చూసుకున్నాను. మళ్లీ చూసుకున్నాను. నా బుర్ర పాడైతే పాడై ఉండొచ్చు, అది పళ్లేల్ని వేడిచెయ్యలేదు కదా.

ఓవెన్ ఆపేసి పక్క బండిలో నడీన్ దగ్గరికి వెళ్లాను. నడీన్ ముప్పై ఏళ్లు బడి బస్సు నడిపిన మనిషి, ఒంటరిగా ఉంటుంది. విషయం విని స్క్రూడ్రైవర్ల పెట్టె చంకలో పెట్టుకుని నా వెనకే వచ్చింది.

"ముందు కరెంటు తియ్యి పిల్లా."

"అది నీలం పని."

"నా బండిలో మగాడంటే కుక్క ఒక్కడే. వాడు ప్లగ్ తియ్యడు, కరెంటు స్తంభం తడిపి వస్తాడు. తియ్యి."

ఆరేళ్లలో మొదటిసారి ఆ స్తంభం దగ్గర నిలబడి మీట కిందికి దించి ప్లగ్ లాగాను. వచ్చేసింది. అంత తేలిగ్గా వస్తుందని నాకెవరూ చెప్పలేదు.

అలమర అడుగున రెండు మరలు. అవి విప్పి, ఓవెన్‌ని ఇద్దరం చెరోపక్కా పట్టుకుని, అప్పుడే పుట్టిన దూడని దించినట్టు దించాం. నడీన్ టార్చి వేసింది.

గోడ చెక్క అంచుల్లో కాఫీ రంగు. లోపలికి పోయేకొద్దీ ముదురు. నడిమధ్య బొగ్గు, నా అరచెయ్యంత. వేలితో నొక్కితే పొడిపొడిగా రాలింది. పక్కనున్న తీగ మీది తొడుగు కొవ్వొత్తిలా మెత్తబడి జారింది. ఈ గోడకి నాలుగడుగుల దూరంలో మేం తలలు పెట్టుకుని పడుకుంటాం.

నేను నేల మీద కూలబడ్డాను. నడీన్ కంగారుపడి భుజం పట్టుకుంది. ఏడుస్తున్నాననుకుంది. నేను నవ్వుతున్నాను. ఆపుకోలేకపోయాను. అంత నల్లటి గోడని అంత ప్రేమగా ఎవరూ చూసి ఉండరు. "సోరెన్సెన్, హ్రుబీ, క్లాసెన్, వికర్ట్" అన్నాను పైకే.

"వాళ్లెవరే?"

"నా సాక్షులు."

"బొగ్గు చాలదా?" అంది. ఆమె కూడా నవ్వడం మొదలుపెట్టింది.

తర్వాత ఇద్దరం బయటికి వెళ్లి ఆ గోడని వెలుపలి నుంచి చూశాం. ఓవెన్ వేడిగాలి బయటికి పోవడానికి అక్కడొక చిన్న రేకు తలుపుంటుంది. దాని మీద అటూ ఇటూ వెండిరంగు టేపు. కందిరీగలు గూడు పెడుతున్నాయని, గాలికి టపటపలాడి నిద్ర చెడగొడుతోందని డ్వేన్ కిందటి వసంతంలో అంటించాడు. ఓవెన్ వెలిగించేలోపే దాన్ని విప్పాలి. విప్పలేదు. వేడి పోయే దారిలేక గోడని తింటూ కూర్చుంది. రేకు తలుపు బయట ఉంది కాబట్టి నేను చూడలేదు. ఓవెన్ లోపల ఉంది కాబట్టి తను చూడలేదు. మధ్యలో గోడకి ఏ రంగూ లేదు.

టేపు నేనే పీకాను. పచ్చి రొట్టెచుట్టలు నడీన్ ఓవెన్‌లోకి వెళ్లాయి.

డ్వేన్ పన్నెండింటికి వచ్చాడు. దించిన ఓవెన్ చూసి, "ఏం చేశావు ఆర్లిస్, ముట్టుకోవద్దన్నానా?" అన్నాడు. నేను టార్చి చేతికిచ్చాను. తల లోపలికి పెట్టి చాలాసేపు చూశాడు. వేలు పెట్టి చూశాడు. బయటికి వచ్చినప్పుడు ముక్కు మీద మసి ఉంది.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు.

"నాలుగు నెలల నుంచి చెప్తున్నాను."

బల్ల మీద పెట్టిన టేపు ముక్క చూశాడు. కూర్చున్నాడు. "మీ అమ్మ సంగతి అనకుండా ఉండాల్సింది" అన్నాడు.

"అవును."

నేను ఫ్రిజ్ మీది చీటీ తీసి అతని ముందు పెట్టాను. "సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్దాం. మతిమరుపు డాక్టరు వద్దు, ముక్కు డాక్టరు దగ్గరికి. నీ పేరు రాయించాను." ఫోన్ చేసి పది నిమిషాలే అయింది.

తలుపు దగ్గర నిలబడ్డ నడీన్ దగ్గినట్టు చేసి నవ్వు మింగింది.

"ఇంకోటి. రేపటి నుంచి ఆ కాగితం పట్టుకుని బయట చుట్టూ తిరిగేది నేను. లోపల నువ్వు. మూణ్ణెల్లయ్యాక మళ్లీ మార్చుకుందాం."

"నాకు వంట రాదు."

"నాకు ప్లగ్ తియ్యడం రాదనుకున్నాను. ఆకలేస్తోంది డ్వేన్."

చాలాసేపు నన్ను చూశాడు, ఎక్కడో చూసిన మనిషిని గుర్తుపడుతున్నట్టు. తర్వాత లేచి, మోసుకెళ్లే చిన్న గ్యాస్ పొయ్యి బయట నీడలోకి తెచ్చుకుని, ఆరు గుడ్లు పగలగొట్టాడు. పెంకు ఏరాడు. నూనె మరిచిపోయి మళ్లీ లోపలికి వచ్చాడు. నేను కుర్చీలోంచి లేవలేదు. లేవకుండా ఉండడం ఇంత కష్టమనుకోలేదు, ఇంత హాయనీ అనుకోలేదు.

మడత బల్ల చుట్టూ ముగ్గురం కూర్చున్నాం. పొద్దుటి మబ్బు గీత చెదిరిపోయింది. గుడ్లు అడుగంటాయి. ఆ వాసన ముగ్గురికీ వచ్చింది. డ్వేన్ తలెత్తి నా వైపు చూశాడు, నేను తల ఊపాను. ఎవరం ఏమీ అనుకోకుండా, పళ్లెంలో ఏమీ మిగల్చకుండా తిన్నాం.