సోఫాకు ఇవతలి కుర్చీ

ప్రష్యా దేశపు దండు ఊరు స్టార్‌గార్డ్‌లో సైన్యాధికారుల భార్యలు క్లబ్బు హాల్లో కాఫీకి కలిస్తే ఎవరెక్కడ కూర్చోవాలో ఒకరు చెప్పనక్కర్లేదు. మొగుడి హోదాను బట్టి పెళ్లాం కుర్చీ. లెఫ్టినెంటు భార్య గుమ్మం పక్కన పీట మీద కూర్చుని, తలుపు తెరిచినప్పుడల్లా చలికి వణకాలి. కెప్టెన్ భార్యకు కిటికీ దగ్గర చోటు. కర్నల్ భార్యకు పొయ్యి వెచ్చదనం. మేజర్ జనరల్ భార్యకు సోఫాను ఆనుకుని చేతుల కుర్చీ. ఇక ఆ సోఫా ఉందే, అది లెఫ్టినెంట్ జనరల్ భార్యలకు మాత్రమే. వాళ్లను ‘ఘనత వహించిన అమ్మగారూ’ అని పిలవాలి. మిగతావాళ్లకు ఉత్త ‘అమ్మగారూ’ చాలు.

అడెల్గుండే ఫాన్ ద్రోజెడో గుమ్మం పక్క పీటతో కాపురం మొదలుపెట్టి చేతుల కుర్చీ దాకా వచ్చింది. చెయ్యి చాపితే సోఫా ఆకుపచ్చ మఖమలు తగిలేది. ఎవరూ చూడనప్పుడు చాపేది కూడా.

భర్త లేబెరెహ్ట్ ఏ యుద్ధంలో ఏం చేశాడని అడిగితే మాత్రం ఆవిడ మాట మార్చేది. పాపం, ఆయన తప్పేమీ లేదు. డెన్మార్క్ మీద యుద్ధం వచ్చినప్పుడు ఆయనకు గవదబిళ్లలు వచ్చాయి. ఆస్ట్రియా మీదికి వెళ్లినప్పుడు ఆయన దళం సామాన్ల బండ్ల వెనక ఇరుక్కుపోయి, విజయగీతం వాయిస్తుండగా చేరుకుంది. ఫ్రాన్సులో అయితే ఒక రైల్వే స్టేషన్‌కూ, అక్కడున్న గుర్రాల దాణాకూ కాపలా కాశాడు. దాణాలో ఒక్క మూట పోలేదు. అయినా పై హోదాలు వాటంతటవే వచ్చాయి. ముందున్నవాళ్లు కొందరు చనిపోయారు, కొందరు పైవాళ్లతో తగువు పెట్టుకున్నారు. మన జనరల్‌గారు ఎవరితోనూ తగువు పెట్టుకోలేదు.

ఆ ఏడు శరదృతువులో సైన్యం తర్ఫీదు కోసం జరిగే ఉత్తుత్తి యుద్ధానికి ఆయన ఒక పక్షానికి నాయకుడు. అవతలి పక్షానికి రాజుగారి బంధువు, ఒక కుర్ర రాకుమారుడు. రాకుమారుడు ఏ పక్షాన ఉంటే గెలుపు ఆ పక్షానిదే, ఈ సంగతి గుర్రాలకు కూడా తెలుసు. అందంగా ఓడిపోయిన జనరల్‌కు లెఫ్టినెంట్ జనరల్ పదవి ఖాయమని బెర్లిన్ నుంచి కబురు వచ్చింది. అడెల్గుండే ఆ సాయంత్రమే ఆ ఆకుపచ్చ మఖమలు మీద నప్పే ఊదారంగు పట్టు గౌనుకు కొలతలిచ్చింది.

“ఏమండీ, ఓడిపోతానని నాకు మాటివ్వండి,” అంది బయల్దేరే రోజు పొద్దున.

“దానికి మాటెందుకే అడెల్? నాకేమన్నా గెలిచిన అనుభవం ఏడ్చిందా?”

“అదే నా భయం. రుచి తెలీని వాళ్లకే నోరూరుతుంది.”

“సరేలే, ఓడిపోతా. నీ సోఫా మీద ఒట్టు.”

తిరిగొచ్చిన సాయంత్రం జనరల్‌గారు బూట్ల బురదతోనే హాల్లోకి వచ్చి కూర్చున్నారు. ఆ మొహంలో అంత వెలుగు ఆవిడ పెళ్లినాడు కూడా చూడలేదు.

“గెలిచారా?”

“పొగమంచు, అడెల్.”

“పొగమంచు గెలిచిందా, మీరు గెలిచారా?”

ఆయన గొంతు సవరించుకున్నాడు. “బంగాళాదుంపల పొలంలో కూర్చుని పొద్దుటి రొట్టె తింటున్నా. ఆ మంచులో దారి తప్పి రాకుమారుడూ ఆయన బలగమూ తిన్నగా మా మధ్యలోకే వచ్చారు. మా కెప్టెన్ చెవిలో చెప్పాడు, అయ్యా, అటు తిరిగి కూర్చుందాం, వాళ్లే పోతారు అని. తిరిగాను కూడా. నిజంగా తిరిగానే.”

“మరి?”

“జీవితమంతా యుద్ధం ఎక్కడుందా అని దాని వెంట పరిగెత్తా. ఇన్నాళ్లకి అదే నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఎలా పొమ్మంటాను?”

“నా సోఫా మీద ఒట్టేశారు,” అంది అడెల్గుండే. మిగతాది వినకుండా లోపలికి వెళ్లిపోయింది.

ఆవిడ ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడటం మానేసింది. ఉప్పు కావాలంటే పనమ్మాయి చేత అడిగించేది. కొన్నాళ్లకు రాజముద్రతో నీలం కవరు వచ్చింది. ఇన్నేళ్ల సేవకు కృతజ్ఞతలు, ఇక విశ్రాంతి తీసుకోవచ్చు అని దాని సారాంశం. జనరల్‌గారు కత్తి తుడిచి గోడకు తగిలించారు. ఆ గెలుపు గురించి ఎవరైనా అడుగుతారేమోనని ఇంట్లో అటూ ఇటూ తిరిగేవారు. ఎవరూ అడగలేదు.

కుట్టించిన గౌను పారేయలేక అడెల్గుండే తర్వాతి కాఫీకి అదే వేసుకెళ్లింది. ఆ రోజు కాఫీ పోసే వంతు ముసలి ఫాన్ ప్లోట్‌సిన్ దొరసానిది. చనిపోయిన ఒక లెఫ్టినెంట్ జనరల్ భార్య, సోఫా కుడిమూలకు పాత హక్కుదారు. రేగుపళ్ల కేకు ముక్కలు చేతులు మారుతుండగా పొయ్యి దగ్గరి నుంచి కర్నల్ భార్య అందుకుంది. “ఏంటమ్మగారూ, మీవారు దుంపలు తవ్వబోతే రాకుమారుడు దొరికాడటగా?”

గదంతా కేకులోకి తల దించుకుని నవ్వుకుంది. అడెల్గుండే చెవులు మండిపోయాయి.

ప్లోట్‌సిన్ దొరసాని తన పక్కన మఖమలు మీద చేత్తో తట్టింది. “ఇలా రా అమ్మాయ్. ఇక్కడ కూర్చో.”

నవ్వులు ఆగిపోయాయి. అడెల్గుండే లేచింది కానీ అడుగు పడలేదు.

“ఈ మూల కోసం మా ఆయన రాకుమారులకి ఓడిపోతూనే వచ్చాడు,” అంది ముసలావిడ. “ఓడిపొమ్మని నేనే పోరేదాన్ని. ఆఖరుసారి ఓడిపోయి ఇంటికొచ్చినవాడు మళ్లీ నాతో సరిగ్గా మాట్లాడలేదు. పోయేదాకా అంతే. కూర్చో, మెత్తగానే ఉంటుంది.”

ఆ మూల కొంచెం గుంటపడి ఉండటం అడెల్గుండే అంత దగ్గర నుంచి మొదటిసారి చూసింది. ఆవిడకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎవరి కోసమో వెంటనే తెలియలేదు.

“ఇంకోసారి కూర్చుంటానండీ. మా ఆయన ఒక్కరే ఉన్నారు,” అని టోపీ అందుకుంది.

జనరల్‌గారు హాల్లో తమ పాత సోఫా మీద కూర్చుని గోడమీది కత్తినే చూస్తున్నారు. ఆవిడ టోపీ తీయకుండానే వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

“ఏమండీ, అటు తిరిగానన్నారు. తర్వాత?”

ఆయన ఒక్క క్షణం నమ్మలేకపోయాడు. తర్వాత నడుం నిటారుగా పెట్టాడు. “తర్వాత ఇటు తిరిగా. లేచి వందనం చేసి, రాకుమారా, తమరు నా బందీ అన్నా. పాపం, చలికి ముక్కు ఎర్రబడిపోయింది కుర్రాడికి. నా రొట్టెలో సగం ఇచ్చా.”

“తిన్నాడా?”

“శుభ్రంగా తిన్నాడు. పక్కనున్నవాళ్లకే మింగుడు పడలేదు.”

అడెల్గుండే పకపకా నవ్వింది. కళ్లు తుడుచుకుని, టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది.

“మళ్లీ పొగమంచు దగ్గర నుంచి చెప్పండి,” అంది.