ఆఖరి చరణంల పేరు

పంతులూ, ఆ కలం జర పక్కన పెట్టు. నాగర్‌కర్నూలు నుంచి కృష్ణ దాటి ఇంత దూరం వచ్చినవు, పాటలు రాసుకొని పోతనంటివి, సంతోషం. నోటుబుక్కుల పైన ఏదో రాసి కింద గీత కొట్టినవు గదా, అదేంది, చదువు. 'గద్వాల వీరయ్య తత్వాలు'. ఆహా, బాగున్నది. ఇగ నీకు పాట కావాల్నంటె ముందు నా ముచ్చట వినాలె. వినను అంటె లేసి పో. వీరయ్య ఇప్పుడు వనపర్తిలనే ఉంటుండు, కుర్చీల కూసోబెట్టి చాయ్ పోస్తడు. మా ఇంట్ల కుర్చీ లేదు.

కోపమా అంటె కోపమే. ఏడేండ్ల సంది కోపమే. ఊరోళ్లు నన్ను నోరుగల్ల నీలవేణి అంటరు. నోరున్నదే గాని తెరవాల్సిన నాడు తెరవలేదు. అదే చెప్తున్న, విను.

మాది మగ్గపు ఇల్లు. ఇగో ఈ ముందటి అర్రలనే గుంత మగ్గం. మా ఇంటాయన గుంతల కాళ్లు పెట్టి కూసుంటె పొద్దుగూకిందాక లేవకపోతుండె. గద్వాల చీర నువ్వు చూసే ఉంటవు, ఒళ్లంత నూలు, కొంగు పట్టు. ఆ నూలు పోగుకు పట్టు పోగును అతకాలె. వేలికి బూడిద అద్దుకొని, ఒక్కొక్క పోగు మెలిపెట్టి. వేల పోగులు ఉంటయి. దాన్ని కుట్టు అంటం. నేసేది ఆయన, కుట్టు అతికేది నేను. అతికి అతికి చూపుడు వేలు తోలు లేసిపోతుండె. ఆ వేలుతోని అన్నం కలుపుకుంటె కారం మండి కండ్లల్ల నీళ్లు వస్తుండె.

ఒకనాడు నేను అట్ల వేలు ఊదుకుంట కూసుంటె ఆయన మగ్గం ఆపి చూసిండు. ఆయనకు మాటలు తక్కువ. తెల్లారి మగ్గం చప్పుడుకు తాళంగ పాట ఎత్తుకున్నడు.

నూలు ఒకరిది, పట్టు ఒకరిది, నడుమ కలిపినదెవరురా
అతుకు కనపడకుండ అతికిన ఆ వేలి పేరేమిరా

ఆ వేలు నాది పంతులూ. పాటంత దేవుని మీదికే పోతది, జీవుడు, పరమాత్మ, అదంత ఉంటది. గాని వేలు మాత్రం నాది. నాకు సిగ్గయింది, ఏడుపొచ్చింది. కూరల ఉప్పు రెండుసార్లు ఏసిన ఆనాడు.

అసొంటియి పద్దెనిమిది కట్టిండు. పట్టు లడీలు చుట్టొచ్చే కాయితాలుంటయి గదా, వాటి మీద రాసి మగ్గం గుంతల చాప కింద పెడుతుండె. గడపల ఎవరన్న కాలు పెడితె చాలు, దగ్గి ఊకుంటుండె. పాడేటోన్ని కాదు నేసేటోన్ని అన్నట్టు మొగం పెడుతుండె.

మా దిక్కు తత్వం కట్టినోడు ఆఖరి చరణంల తన పేరు పెట్టుకోవాలె. అది పద్ధతి. తర్వాత ఎవరు పాడినా ఆ పేరు వచ్చినకాడ రెండు చేతులు కండ్లకద్దుకుంటరు. పేరు లేని తత్వం భజనల ఎత్తుకోరు. ఈయన ఏం చేసిండు? ప్రతి పాటల పేరుకు జాగ ఇడిచిండు, పేరు పెట్టలేదు. అక్కడికి రాంగనే నోట్లనే గుణుగుతుండె.

"ఏందయ్యా, పేరు పెట్టుకుంటె నీ సొమ్మేం పోతది?" అని అడిగిన.

"ఇన్ని చీరలు నేసిన. ఏ చీర మీదన్న నా పేరున్నదా? కట్టుకున్నామెకు చీర కావాలె గాని నేసినోడు ఎందుకు?"

"చీర వేరు, పాట వేరు."

"నాకు రెండు ఒక్కటే," అని మళ్ల మగ్గం దొక్కిండు.

ఎన్ని దినాలు కొట్లాడిన్నో లెక్కలేదు. శుక్రవారం శుక్రవారం మార్కండేయ గుళ్లె భజన అయితది. అక్కడ వీరయ్య పెద్ద. గొంతు మంచిదే, అబద్ధమెందుకు. చీరలు ఎత్తుకొని వనపర్తి, బిజినేపల్లి, నాగర్‌కర్నూలు దాక తిరిగి అమ్ముకొస్తుండె, పోయినకాడల్ల పాడుతుండె. పాడినయే పాడుతుండె. మా ఇంటాయన గుళ్లె ఆఖరు వరసల, చెప్పుల కాడ కూసొని తల ఊపుకుంట వింటుండె. ఇంట్ల చాప కింద బంగారం అసొంటి పాటలు పెట్టుకొని, ఈడ చెప్పుల కాడ. నాకు ఒళ్లు మండేది.

ఒకనాడు ఆయన రంగుల కోసం బజారుకు పోయిన యాల చూసి, చాప లేపి, మీది కాయితం తీసుకొని కొంగుల కట్టుకొని వీరయ్య ఇంటికి పోయిన. నాకు చదువు రాదు. అది ఏ పాటనో కూడ తెల్వదు. వీరయ్య చదువుతుంటె తెల్సింది, వేలి పాటనే.

వీరయ్య రెండుసార్లు చదివిండు. మొగం మారింది. "ఎవరు కట్టిండ్రు చెల్లే?"

"మా ఇంటాయన."

"ఆఖరుకు పేరు లేదే. పేరు లేకుంటె భజనల ఎట్ల పాడుత? ఏం పేరు పెట్టాలె, చెప్పు."

ఏం పేరు పెట్టాలె. పంతులూ, మొగని పేరు నోట పలికితె ఆయన ఆయుష్షు తగ్గుతదని మమ్మల్ని పెంచిండ్రు. ఒక్కసారి చెప్పిన, పెండ్లయి వచ్చిననాడు. ఆడబిడ్డ గడపకు అడ్డం నిలబడి, పేరు చెప్తెనే లోపలికి రానిస్త అన్నది. చెప్పి లోపలికొచ్చిన. మళ్ల చెప్పలేదు. సంతల తప్పిపోయినా మా ఇంటాయన అని ఏడ్సుడే గాని పేరు పెట్టి పిల్సుడు లేదు.

"నీకు తెల్వదా అన్నా?" అని నవ్విన.

ఆయన కూడ నవ్విండు. తెల్సు. చిన్నప్పటి సంది ఒకే గల్లీల పెరిగినోళ్లు.

శుక్రవారం నేను ముందే పోయి ఆడోళ్ల దిక్కు కూసున్న. ఇంటాయనకు ఏం చెప్పలేదు, విని మురుస్తడు అనుకున్న. వీరయ్య ఎత్తుకున్నడు. గుడంత కదలకుండ విన్నది. ఆఖరి చరణం వచ్చింది.

అడుగుతున్నడు వీరయ్య, అయ్య నువ్వన్న చెప్పరా

అందరు చేతులు కండ్లకద్దుకున్నరు. మా ఇంటాయన కూడ అద్దుకున్నడు. అలవాటు.

భజన అయినంక వీరయ్యను పట్టుకున్న. "ఇదేంది అన్నా?" అంటె, "నువ్వు పేరు చెప్పకపోతివి, పాట ఆగొద్దని నా పేరుతోని పూడ్చిన. పేరుదేమున్నది చెల్లే, దేవుని పాట," అన్నడు. ఇంట్ల ఆయన కూడ అదే మాట. "బాగ పాడిండు. నాకంటె బాగ పాడిండు," అన్నడు. చాప కింద కాయితం తీసిందెవరని కూడ అడగలేదు.

అంతటితోని అయితె నేను కూడ ఊకుందును. వీరయ్య ఇంటికి వచ్చుడు మొదలుపెట్టిండు. ఇంకోటి ఉన్నదా అంటడు, ఈయన ఇస్తడు. నేను పండ్లు కొరుకుతనే ఉన్న. పద్దెనిమిది కాయితాలు పోయినయి. వనపర్తిల శాలువ కప్పిండ్రట. కర్నూలుల పుస్తకం అచ్చు ఏయించిండు. ఒకటి మాకు తెచ్చిచ్చిండు, ప్రసాదం లెక్క రెండు చేతుల పెట్టి.

మా ఇంటాయన మగ్గంల కూసొని చదువుకున్నడు. వేలి పాట కాడికి వచ్చి ఆగిండు. వేలు పెట్టి మళ్ల చదివిండు. "ఆ వేలి పేరేమిరా" అన్నకాడ "ఆ గురువు పేరేమిరా" అని ఉన్నది. వేలంటె నీచంగ ఉంటదని మార్చిండట వీరయ్య.

పెండ్లయి పదునాలుగేండ్లు, ఆయన గొంతు లేపంగ నేను చూడలేదు. ఆనాడు పుస్తకం నేలకేసి కొట్టిండు. "నా పేరు పోతె పోనియ్యి. నీ వేలు తీసేసుడేంది?" అన్నడు.

ఇగ ఆయనను పట్టుడు ఎవరి తరం కాలేదు. పది దినాలు మగ్గం మీద అదే పాట, ఆఖరు చరణంల సొంత పేరు పెట్టి. పేరు కాడికి రాంగనే పాట తెగుతుండె. దగ్గి మళ్ల మొదటికెల్లి. తన పేరు తాను చెప్పుకోనీకె మనిషి అంత గోస పడుడు నేనెక్కడ చూడలేదు. పదకొండోనాడు పేరు వచ్చింది. నిండుగ వచ్చింది. నేను పొయ్యి కాడ కూసొని ఏడ్సిన.

కార్తీక మాసం శుక్రవారం, దునియాల రెండో పెద్ద యుద్ధం మొదలైన ఏడు. గట్టు ఊరి నుంచి, మానవపాడు నుంచి కూడ భజనోళ్లు వచ్చిండ్రు. మా ఇంటాయన చెప్పుల కాడికెల్లి లేసి ముందటికి పోయి నిలబడ్డడు. తాళాలు ఆగినయి. పాడిండు. వేలు ఉన్నది, పేరు ఉన్నది. ఒక్కడు చేతులు కండ్లకద్దుకోలేదు.

"వీరయ్య పాటల నీ పేరు పెడుతవేంది?" అని మానవపాడాయన నవ్విండు.

"పాట నాది," అన్నడు.

గుడి లొల్లి లొల్లి అయింది. వీరయ్య మెల్లగ పుస్తకం తీసి చూపిచ్చిండు. కులపెద్ద వెంకటన్న నిమ్మళమైన మనిషి. అందర్ని ఊకోబెట్టి, "సాక్షి ఎవరు?" అని అడిగిండు. "నా భార్య," అన్నడు ఆయన. అందరు నా దిక్కు తిరిగిండ్రు.

లేసి నిలబడ్డ. "ఆ పాట మా ఇంటాయనది. కాయితం నేనే ఇచ్చిన."

"ఇంటాయన ప్రతి ఇంట్ల ఉంటడు అమ్మా," అన్నడు వెంకటన్న. "మార్కండేయ స్వామి ముందట ఒట్టంటె పేరు రావాలె. దీపం మీద చెయ్యి పెట్టి, పేరు పెట్టి చెప్పు. నీ మాట మీదనే ఇడుస్త."

మా అత్త రాములమ్మ నా పక్కనే ఉన్నది. నా చెయ్యి పట్టుకున్నది, గోర్లు దిగినయి. "ఒక్కగానొక్క కొడుకు. దీపం ముందట వాని పేరు తీసి వాన్ని తింటవా," అన్నది చెవుల.

దీపం మీద చెయ్యి పెట్టిన. ఆయన నన్ను చూస్తుండు. పది దినాలు గోస పడి తెచ్చుకున్న పేరు, పాట నాది అని ఆయన చెప్పేసిండు, ఇగ నేను ఒక్క మాట అంటె అయిపోతది. నాలుక లేవలేదు పంతులూ. ఊర్ల ఎవరితోనన్న కొట్లాడే ఈ నాలుక. ఆయనకు ఏమన్న అయితదని భయపడ్డ. చెయ్యి తీసిన.

వీరయ్య కిందికి చూసుకుంట, "పాపం, ఆడమనిషితోని అబద్ధపు ఒట్టు ఎందుకు పెట్టిస్తరు," అన్నడు. అంతే, తీర్పు అయిపోయింది.

ఇంటికొచ్చినంక ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండు. నీళ్లు తాగి, "నా ఆయుష్షు చూసినవు. ఏం తప్పున్నది," అన్నడు. నేను సచ్చిపోయినంత పనయింది.

ఆ తర్వాత గద్వాల నుంచి గట్టు దాక ఆయనకు ఒకటే పేరు, పాటల దొంగ. చీర కొననీకె వచ్చినోళ్లు కూడ నవ్విపోతుండ్రి. ఆయన మళ్ల పాడలేదు. మగ్గం ఉత్తగ కొట్టుకుంటుండె, టకటక, టకటక. ఆ చప్పుడు వినలేక నేను పెరట్లకు పోయి కూసుంటుంటి.

మూడేండ్లకు జరమొచ్చింది. దవాఖానకు పోనీకె బండి మాట్లాడేలోపల పోయిండు. నలభై రెండేండ్లు. నేను పేరు పలకలేదు, ఆ దీపం ముందట కూడ పలకలేదు. ఎంత పెరిగింది పంతులూ ఆయుష్షు? చదువుకున్నోనివి, చెప్పు.

మాల భజనోళ్లు, మా భజనోళ్లు అనకుండ శవం ముందట తత్వాలు పాడుకుంట పోవుడు ఈడ ఆనవాయితి. గుడి భజనోళ్లే వచ్చిండ్రు. అన్ని పాటలుండంగ వేలి పాట ఎత్తుకున్నరు, సావుకు మంచిగుంటదని. వేలు లేదు, గురువు ఉన్నడు. ఆఖరి చరణం వచ్చింది. నేను పాడె కాడికెల్లి లేసిన. వాళ్లకంటె ముందు నేనే అందుకున్న. వేలు పెట్టి పాడిన, ఆయన పేరు పెట్టి పాడిన. గల్లీ మొత్తం వినేటట్టు పాడిన.

తాళాలు ఆగినయి. ఆడోళ్లు నన్ను పట్టుకొని, దుఃఖంల ఏదేదో అంటున్నది పాపం, అన్నరు. వెంకటన్న కూడ కండ్లు తుడుసుకున్నడు. నేను పాడుడు అయిపోయేదాక భజనోళ్లు మర్యాదగ నిలబడ్డరు. అయినంక, పాట తప్పుతోని ముగిస్తె పోయినోనికి మంచిది కాదని ఆఖరి చరణం మళ్ల పాడిండ్రు. అడుగుతున్నడు వీరయ్య. అందరు చేతులు కండ్లకద్దుకున్నరు. పాడె లేపిండ్రు.

ఇగో, గిదీ ముచ్చట. యుద్ధం అయిపోయి ఏడాదయింది, వీరయ్య పుస్తకం రెండోసారి అచ్చయిందట. ఇప్పుడు నువ్వొచ్చినవు. నీ తప్పేమున్నది. నీకు తెల్వదు.

ఇప్పుడు కలం పట్టు. పైన రాసింది కొట్టెయ్యి. ఇంకోసారి కొట్టు, కనపడుతనే ఉన్నది. పాట తర్వాత చెప్త, పద్దెనిమిదీ నోటికి వస్తయి. ముందు పేరు రాసుకో. ధర్మయ్య. వినబడ్డదా? ధర్మయ్య. ఎన్నిసార్లు అడిగితె అన్నిసార్లు చెప్త, ధర్మయ్య. ఇప్పుడు ఎవరి ఆయుష్షు తగ్గుతది?